అప్‌డేట్: ఎన్‌ఐఎస్‌టీ పోస్ట్‌డాక్‌కి ఇండియన్ పాస్‌పోర్ట్‌తో అప్లై చేయొచ్చా?

వరంగల్‌లో ఫిజిక్స్ పీహెచ్‌డీ (పలుచని పొరల ఉష్ణవాహకత) ముగిస్తూ, అమెరికా కొలతల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు చేసే పరిశోధన పని) గురించి ఇక్కడ అడిగాను కదా. ఆ విషయం తేలింది. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు థ్యాంక్స్.

అక్కడ నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ (ఎన్‌ఆర్‌సీ) ద్వారా ఇచ్చే పోస్ట్‌డాక్ అమెరికా పౌరులకే. గ్రీన్ కార్డు ఉన్నా కుదరదు. కాబట్టి నేను టెన్షన్ పడిన జీఆర్‌ఈ, టోఫెల్ సంగతి అసలు అవసరమే రాలేదు. హన్మకొండ కన్సల్టెన్సీ వాళ్లు అడిగిన ఫీజు కూడా కట్టే పని పడలేదు.

పనికొచ్చింది "ఢిల్లీ ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ)లో సైంటిస్టుకి నేరుగా మెయిల్ పెట్టు, నేషనల్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి అప్లై చెయ్యి" అన్న సలహా. మన దేశ కొలతల ప్రమాణాలు ఉండేది అక్కడే. ఫెలోషిప్ రెండేళ్లు, వయసు 35 లోపు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు సడలింపు ఉంది. థీసిస్ సమర్పించి డిగ్రీ కోసం చూస్తున్నవాళ్లూ అప్లై చేయొచ్చు. ఇదివరకు పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ ఇచ్చేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఇస్తోంది.

ఎన్‌పీఎల్ సైంటిస్టుతో ఆన్‌లైన్‌లో మాట్లాడినప్పుడు ఆ సార్ పేపర్లెన్ని అని అడగలేదు. నా గ్రాఫ్‌లో ఒక బిందువు, దాని మీద కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చూపే గీత చూపించి, "ఈ ఎర్రర్ బార్ ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారు. మళ్లీ మళ్లీ కొలిస్తే వచ్చే తేడా ఎంత, థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) క్యాలిబ్రేషన్ నుంచి ఎంత, పొర మందం నుంచి ఎంత అని విడదీసి చెప్పాను. నా లెక్కలో మందానిదే పెద్ద వాటా. మాటంతా దాని మీదే నడిచింది. ఫెలోషిప్ వచ్చింది!

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ముందు మీ అనిశ్చితి లెక్క (కొలతలో తేడా ఎక్కడి నుంచి ఎంత వస్తుందో) ఒక పేజీలో రాసి, మొదటి మెయిల్‌కే జతచేయండి.