సమస్య: "క్రిస్పు చొక్కఁ దినెను కేశవుండు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్యాపూరణానికి ఛందస్సు ఆటవెలది. వింతగా కనిపించే నాలుగో పాదం ఇచ్చాను, దానికి అర్థం కుదిరేలా పై మూడూ మీవి. నా పాదంలో గణాలు, అంటే అక్షరాల గుంపులు, ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, క్రి–కే. 'కుంజరయూథంబు దోమ కుత్తుకఁ జొచ్చెన్' (ఏనుగుల మంద దోమ గొంతులో దూరింది) అన్నదాన్నే పూరించిన జాతి మనది, చొక్కా తినడం ఒక లెక్కా?

షరతు ఒకటే. 'క్రిస్ప్' ఇంగ్లీషులో విశేషణం. అక్కడివాళ్లు దోసెనీ, ఆపిల్‌నీ, కొత్త నోటునీ, ఇస్త్రీ చొక్కానీ, చలి పొద్దునీ, సూటి జవాబునీ ఆ ఒక్క మాటతోనే కానిచ్చేస్తారు. పద్యంలో అది ఊరికే కూర్చోకూడదు, దాని పని అది చెయ్యాలి.

కూకట్‌పల్లి అక్కయ్య:
నాకు క్రమాలంకారం సులువు. ప్రశ్నలు నావి, జవాబులు మీ పాదంలో వరసగా ఉన్నాయి.

దోసె యెట్టులుండె? తొడిగిన దేదియో?
వంటకమ్ము నేమి వాఁడు చేసె?
ఎవఁడు వాఁడు? చెప్పు మింపుగాఁ గ్రమముగ
క్రిస్పు చొక్కఁ దినెను కేశవుండు

తెనాలి పంతులు:
బాగుందమ్మా. ఒక్క చిక్కు. 'తొడిగినది ఏది' అని అడిగితే జవాబు 'చొక్క', ప్రథమ. నిర్వాహకుడు 'చొక్కఁ' అని అరసున్న పెట్టాడు, అంటే అది ద్వితీయా విభక్తి, 'చొక్కాను' అని. 'తి'ని 'ది'గా మార్చే గసడదవాదేశం చేస్తే 'దినెను' నిలుస్తుంది గానీ అరసున్నకు దిక్కులేదు. ప్రశ్ననే మార్చండి: 'తొడిగెను దేనినో?' గణాలు అవే, నల (తొడిగెను), ర (దేనినో). యతీ చెక్కుచెదరదు.

కూకట్‌పల్లి అక్కయ్య:
మార్చుకున్నాను పంతులుగారూ. అరసున్న ఇంత పని చేస్తుందని ఇవాళే తెలిసింది.

నిర్వాహకుడు:
అక్కయ్యా, పూరణ పాసైంది. కానీ దోసె ఎట్టులుండె అంటే 'మెత్తగ' అన్నా సరిపోతుంది కదా. అది కరకరలాడిందని పై పాదాల్లో ఆనవాలు లేదు. పెనం మీద నూనె చుక్కో, అంచు లేవడమో, ఏదో ఒకటి కనపడాలి.

కొత్త కలం:
అందరికీ నమస్కారం. ఇదే నా మొదటి పద్యం, తప్పులుంటే తిట్టకండి. ఇది నిజంగా జరిగింది. మా తాతయ్యకో మేకపిల్ల ఉండేది. గంజి పెట్టి ఆరేసిన ఆయన చొక్కా కాస్తా నమిలేసింది. కాలరూ రెండు గుండీలూ మిగిలాయి.

గంజి పెట్టి తీగ కట్టి యారేయగ
మేకపిల్ల వచ్చింది మెల్లగాను
దాని కెపుడొ పేరు తాత ముద్దుగ బెట్టె
క్రిస్పు చొక్క దినెను కేశవుండు

తెనాలి పంతులు:
రెండో పాదం తడబడింది నాయనా. మేక, పిల్ల సరే. ఆ తర్వాత 'వచ్చిం' రెండూ గురువులే. సూర్యగణమంటే న (మూడు లఘువులు) గానీ హ (గురువు, లఘువు) గానీ, అంతే. 'మేకపిల్ల యొకటి మెల్లఁ జేరె' అను. మే–మె యతి నిలిచింది, మేక కూడా చప్పుడు చెయ్యకుండా వచ్చింది. 'వచ్చింది' అంటే గుమ్మంలోంచి దర్జాగా వచ్చినట్టుంది.

నిర్వాహకుడు:
నాకిది నచ్చింది. 'గంజి' అని మొదటి మాటలోనే పడింది చూడండి. గంజి పెట్టకపోతే ఆ చొక్కా క్రిస్పూ కాదు, మేక దాని జోలికీ పోదు. విశేషణం రుజువైంది. పేరు దాకా వచ్చి మూడో పాదం ఆగడం ఇంకా బాగుంది, పేరేమిటో నా పాదం చెప్పింది.

లండన్ బాబాయ్:
మీరంతా చొక్కా చుట్టూనే తిరుగుతున్నారు. 'చొక్కు' అంటే పరవశించడం. 'మనసు చొక్కన్' (అరసున్నతో రాస్తే 'చొక్కఁ') అంటే మనసు పరవశించేలా. ఇక చొక్కా ఎక్కడుంది? పోతే, మేముండే చోట ప్యాకెట్లో అమ్మే ఆలుగడ్డ చిప్స్‌ని క్రిస్ప్స్ అంటారు. ఇక్కడ చిప్స్ అని అడిగితే వేడివేడి లావు ముక్కలు చేతిలో పెడతారు. వచ్చిన కొత్తలో నేనూ మోసపోయాను.

ఆలు చిప్పు నచట నందురు క్రిస్పంచు
లండనందు, నేఁడు లక్షణముగ
చలికి వణకు వేళ సంచి విప్పి మనసు
క్రిస్పు చొక్కఁ దినెను కేశవుండు

తెనాలి పంతులు:
ఆహా, విరుపంటే ఇదీ! అయితే 'అచట' అన్నాక మళ్లీ 'లండనందు' దేనికి? 'లక్షణముగ' కూడా యతి కోసం పిలిపించిన చుట్టమే. ఇలా చూడండి:

ఆలు చిప్పునె జను లందురు క్రిస్పంచు
లండనందు, నేఁడు లంచి మాని

భోజనం మానేశాడంటే ఆకలి వచ్చింది, ఆకలి వస్తే 'చొక్క'కు కారణం దొరికింది.

కూకట్‌పల్లి అక్కయ్య:
నిర్వాహకుడుగారూ, విశేషణమే వాడాలన్నారు. బాబాయ్‌గారి క్రిస్పు నామవాచకం కదా?

నిర్వాహకుడు:
అవును, షరతు తప్పింది. కానీ ఆ తప్పు ఇంగ్లీషువాళ్లే ముందు చేశారు. నిజానికి ఆ మాట లాటిన్ 'క్రిస్పుస్' నుంచి వచ్చింది, అర్థం ఉంగరాల జుట్టు. విరిగే గుణం తర్వాత చేరింది.

తెనాలి పంతులు:
ఉంగరాల జుట్టా! కేశవుడంటేనే కేశాలున్నవాడు. 'కేశాద్వోఽన్యతరస్యామ్' అని పాణిని సూత్రమే ఉంది. తెలిసే ఇచ్చావా ఈ పేరు?

నిర్వాహకుడు:
లేదు మాస్టారూ, యతి కోసమే. పుణ్యం దానంతటదే వచ్చింది.

కొత్త కలం:
ఒక అనుమానం. తెలుగులో క్రిస్ప్‌కి మాట లేదా?

తెనాలి పంతులు:
ఒకటి కాదు, బోలెడు. దోసె కరకర, ఆపిల్ కసుక్కు, నోటు పెళపెళ, జవాబు ముక్తసరి. ముక్తసరి తప్ప మిగతావాటికి మనం గుణాన్ని చూసి పేరు పెట్టలేదు, చప్పుడు విని పెట్టాం. లంబసింగి పొద్దుటి చలికి మాత్రం చప్పుడు లేదు. అక్కడ నేనూ ఓడిపోయాను.

పాతబస్తీ:
మా దగ్గర ఒకే మాట ఉంది సార్: కడక్. కడక్ ఇస్త్రీ, కడక్ రొట్టె, కడక్ నోటు. కడక్ చాయ్ ఒక్కటే తేడా, అది కరకరలాడదు, గట్టిగా మరిగిన చాయ్. సమస్య నేనైతే ఇట్ల ఇస్తుంటి:

కడకు చొక్కఁ దినెను కాశిరాజు

లండన్ బాబాయ్:
తమ్ముడూ, 'కడకు' అంటే చివరికి అని కూడా కదా! 'చొక్క' సంగతి ఇందాకే చెప్పాను. చివరికి, పరవశించి, తిన్నాడు. ఇందులో సమస్య ఏదయ్యా?

పాతబస్తీ:
అరె, పోయింది.