మందు మార్చాక తల తిప్పితే కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటోంది, ఎవరికైనా ఇలా అయిందా?

డిప్రెషన్‌కి చాలాకాలంగా వెన్లాఫాక్సిన్ వాడుతున్నాను. బీపీ పెరుగుతోంది, మూడ్ చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది, అందుకని డాక్టర్ దాన్ని తగ్గిస్తూ సెర్ట్రలిన్ మొదలుపెట్టారు. పాతది పూర్తిగా ఆపేసిన దగ్గర్నుంచి కళ్లు పక్కకి తిప్పితే చాలు, తలలో జివ్వుమని షాక్ కొట్టినట్టు అవుతోంది. పైగా వికారం, రాత్రిళ్లు పిచ్చిపిచ్చి కలలు, ఊరికే ఏడుపు. ఇది కొత్త మందు పడకపోవడమా, పాతది ఆపినందుకా, లేక డిప్రెషనే తిరగబెట్టిందా? రేపటి నుంచి కొత్తది కూడా మానేద్దామా అనిపిస్తోంది.

జవాబు 1

ముందు ఆ మానేసే ఆలోచన మానండి. మీరు చెప్పే షాకులు సాధారణంగా పాత మందు ఆపినప్పుడు వచ్చేవే. వెన్లాఫాక్సిన్ ఒంట్లోంచి తొందరగా పోతుంది, 5 గంటల్లో దాదాపు సగమైపోతుంది, దాన్నుంచి శరీరంలో తయారయ్యే రెండో పదార్థం కూడా 11 గంటలకు సగమే మిగులుతుంది, అందుకే ఒక డోస్ ఆలస్యమైనా కొందరికి తెలిసిపోతుంది. అదే డిప్రెషన్‌కే ఇచ్చే ఫ్లూవాక్సెటిన్ అయితే రోజుల తరబడి ఉండి మెల్లగా దిగుతుంది కాబట్టి ఈ గొడవ తక్కువ. సెర్ట్రలిన్ సెరటోనిన్ అనే మెదడు రసాయనం లోటు కొంత పూడుస్తుంది గానీ, వెన్లాఫాక్సిన్ నార్ అడ్రినలిన్ అనే ఇంకో రసాయనం మీద కూడా పనిచేసేది కదా, ఆ వైపు ఖాళీయే. డిప్రెషన్ తిరగబెడితే మామూలుగా వారాల మీద మెల్లగా వస్తుంది, డోస్ తగ్గించిన రెండు మూడు రోజులకే మీద పడదు, ఈ షాకులూ ఉండవు.

జవాబు 2

పైవారు చెప్పింది నిజమే, కానీ వికారం మాత్రం సెర్ట్రలిన్‌దే కావచ్చండీ. తిన్నాక వేసుకుంటే నయం, చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. నిద్ర చెడుతుంటే పొద్దున వేసుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి. మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, షాకులు ఎప్పుడు ఎక్కువగా ఉన్నాయి అన్నది ఫోన్‌లో రాసుకుని చూపించండి, "బాగాలేదు డాక్టర్" అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు. నాకు పారాక్సెటిన్ అనే ఇలాంటి మందే మార్చినప్పుడు ఇదే రామాయణం. కొంచెం డోస్ మళ్లీ వేసి ఇంకా నెమ్మదిగా దించారు, అంతే. క్యాప్సూల్ విప్పి సొంతంగా సగం చేయడం లాంటివి పెట్టుకోకండి.

జవాబు 3

భయపెట్టాలని కాదు. చేతులు వణకడం, చెమటలు, జ్వరం, కండరాలు బిగుసుకుని అదరడం, తికమక, ఇవన్నీ కలిసి గంటల్లో ముదురుతుంటే అది సెరటోనిన్ ఎక్కువైన లక్షణం, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్ట్రోమెథార్ఫన్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్ కూడా దీన్ని తెచ్చిపెట్టగలవు, జలుబే కదా అని అడగకుండా తాగేయకండి. ఒక్కచోట కూర్చోలేనంత అలజడి గానీ, చనిపోవాలన్న ఆలోచన గానీ వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, పక్కన మనిషిని పెట్టుకుని అప్పుడే సాయం అడగండి. ఈ షాకులు తగ్గేదాకా బండి కూడా నడపొద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్. డాక్టర్‌కి ఫోన్ చేశాను, సెర్ట్రలిన్ అలాగే ఉంచి పాతది చిన్న డోస్ కొన్నాళ్లు వేసుకోమన్నారు, బీపీ చూసుకుంటూ ఉండమన్నారు. ట్రమడాల్ మాట బాగా గుర్తుచేశారు, నడుం నొప్పికి ఇచ్చిన స్ట్రిప్ ఒకటి ఇంట్లోనే ఉంది, అది పక్కన పెట్టేశాను. పాత మందు మళ్లీ మొదలైందంటే ఇంట్లోవాళ్లు "ఇంకా ఎన్నాళ్లు" అంటారు, వాళ్లతో తర్వాత చూసుకుంటాను.