రీ: ఆఫీసు దాటితే ఎవరూ తెలియదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి కొన్ని నెలలైంది. ఆఫీసులో అందరూ బాగానే మాట్లాడతారు, సాయంత్రమైతే ఎవరి దారి వారిది. మీటప్‌లకు వెళ్లి చూశాను. పేరేంటి, ఏం చేస్తుంటారు, అక్కడితో సరి. వారాంతమంతా ఫోన్‌తోనే గడుస్తోంది. నేను కాస్త మొహమాటస్థుణ్ణి. బయట నలుగురితో కలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

---

తమ్ముడూ, ఇందులో నీ లోపమేమీ లేదు. ప్రతిసారీ కొత్త మొహాలే అయితే ప్రతిసారీ పరిచయం దగ్గరే ఆగిపోతుంది.

కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ దీని మీద 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆయన ప్రశ్నలు వేసిన వాళ్లలో నీలాగే కొత్త ఊరికి మారినవాళ్లున్నారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాల్సి వచ్చిందట. వారానికి రెండు గంటలు కలిశావనుకో, ఆ మొదటి మెట్టుకే దాదాపు ఆరు నెలలు. నెల తిరక్కుండానే 'ఇక్కడ ఎవరూ కలవరు' అని తేల్చేయకు.

అందుకని పది చోట్లకు తిరగకుండా, ప్రతి వారం అదే వేళకు దాదాపు అవే మొహాలు కనబడే చోటు ఒక్కటి పట్టుకో. లైబ్రరీలో పుస్తకాల గుంపు, కమ్యూనిటీ గార్డెన్, వీధి సంఘం, ఏదైనా సరే. నన్నడిగితే మీ దగ్గర పార్క్‌రన్ ఉందేమో ముందు చూడు. 2004లో లండన్ బుషీ పార్క్‌లో మొదలై చాలా దేశాలకు పాకింది. వారానికోసారి పార్కులో 5 కిలోమీటర్ల పరుగు, ఉచితం. నడిచినా ఎవరూ ఏమనరు. అంతా వాలంటీర్లే నడుపుతారు కాబట్టి పరుగు ఇష్టం లేకపోతే, పరుగు ముగించినవాళ్ల బార్‌కోడ్‌లు స్కాన్ చేయడానికి పేరివ్వొచ్చు.

మొహమాటం ఉన్నవాళ్లకు చేతిలో పనుంటే సగం టెన్షన్ పోతుంది. ఏం మాట్లాడాలా అని వెతుక్కోనక్కర్లేదు, వాళ్లే నీ దగ్గరికొస్తారు. మన తెలుగు సంఘం కార్యక్రమానికీ వెళ్లు, కానీ కుర్చీలు వేసే జట్టులో చేరు. ఫొటోలు దిగి ఇంటికెళ్లేవాళ్లు వేరు, స్టేజీ విప్పేదాకా ఉండేవాళ్లు వేరు. నాకు స్నేహితులు దొరికింది ఈ రెండో గుంపులోనే.

ఒక మెలిక ఉంది. కలిసి పనిచేసిన గంటలు స్నేహానికి అంతగా లెక్కకు రావని కూడా హాల్ అధ్యయనంలోనే తేలింది. పనైపోగానే బయల్దేరకు. అసలు కబుర్లు ఆ తర్వాతే మొదలవుతాయి.

---

అన్నయ్యగారు చెప్పింది బాగుంది. రెండు జాగ్రత్తలు మాత్రం. మీది ఏ వీసానో చూసుకోండి. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసినా కొన్ని దేశాల్లో ఉద్యోగం కిందే లెక్క. పిల్లలతో, వృద్ధులతో కలిసే పనులకు చాలాచోట్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా ఉంటుంది. ముందే అడగండి. రెండోది, ఉత్సాహం కనబడగానే కమిటీలో పదవి అంటగడతారు. కొన్నాళ్లు తప్పించుకోండి! మీటింగులతో అలిసిపోయి మొత్తానికే మానేసినవాళ్లను చూశాను.

వీలైతే ఇంటికి దగ్గర్లోదే ఎంచుకోండి. ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త బృందం అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ విద్యార్థి కుటుంబాల ఇళ్లను పరిశీలించి 1950లో పుస్తకం వేసింది. అందులో ఎక్కువ స్నేహాలు పక్క తలుపువాళ్ల మధ్యే కుదిరాయి. గంట ప్రయాణం ఉన్నచోటికి చలికాలంలో వెళ్లబుద్ధి కాదు.

---

ఇద్దరికీ థాంక్స్. పార్క్‌రన్ దగ్గర్లోనే ఉంది, వాలంటీర్‌గా పేరిచ్చాను. ఒక్క సందేహం. అక్కడ బాగా మాట్లాడినవాళ్లను విడిగా కలుద్దామని ఎలా అడగాలి? చొరబడినట్టు అనుకుంటారేమో.

---

అలా అందరికీ అనిపిస్తుంది తమ్ముడూ. ఎరికా బూత్‌బీ అనే మనస్తత్వ పరిశోధకురాలు, ఆమె సహచరులు 2018లో దీన్ని పరీక్షించారు. మొదటిసారి మాట్లాడుకున్నవాళ్లు, ఎదుటివారికి తాము ఎంత నచ్చారో ఉన్నదానికంటే తక్కువగా ఊహించుకున్నారు.

'ఎప్పుడైనా కలుద్దాం' అంటే ఎప్పటికీ కలవరు. ఏ రోజో, ఏ వేళకో చెప్పి అడుగు: "వచ్చే శనివారం ఇదయ్యాక చెరువు దాకా నడిచొద్దామా?" కుదరదంటే రెండు వారాలాగి మళ్లీ అడుగు. అప్పుడూ కాదంటే ఇంకొకరిని పిలువు.