నా భార్యకు హెచ్‌ఐవీ సోకలేదు, సీసీఆర్5 జన్యువే కారణమా?

లారీ_గుంటూరు:
నాకు 2013లో పాజిటివ్ అని తేలింది. అప్పటికి పెళ్లయి నాలుగేళ్లు. అప్పట్లో సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగా తగ్గితేనే మందులు ఇచ్చేవారు, నాకు 2015లో మొదలుపెట్టారు. అంతవరకూ, నిజం చెప్పాలంటే, పెద్దగా జాగ్రత్త పడింది లేదు. అయినా నా భార్యకు ఏటా నెగటివే. మా బావమరిది ఏదో వీడియో చూసి "అక్కకు డెల్టా 32 ఉంది, ఇంక రాదు" అంటున్నాడు. అదేదో సీసీఆర్5 జన్యువులో మార్పట. అది నమ్మి తను ఈసారి పరీక్షకు రానంటోంది. నిజమేనా?

మైక్రోస్కోప్:
అన్నా, ల్యాబ్‌లో పనిచేస్తాను. వైరస్ కణం పైనున్న సీడీ4 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటే సరిపోదు, సీసీఆర్5 అనే రిసెప్టర్ (లోపలికి దూరే తలుపులాంటిది) కూడా దొరకాలి. దాన్ని తయారుచేసే జన్యువులో 32 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోతే, అదే డెల్టా 32, రిసెప్టర్ సగంలోనే ఆగిపోయి కణం పైకి రాదు. అయితే అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు కాపీలూ అలాంటివే రావాలి. ఉత్తర ఐరోపాలోనే నూటికి ఒకరికి ఉంటుంది, మన దగ్గర చాలా అరుదు. బెర్లిన్‌లో తిమోతీ రే బ్రౌన్‌కు 2007లో బ్లడ్ క్యాన్సర్ కోసం ఇలా రెండు కాపీలూ ఉన్న దాత మూలకణాలే ఎక్కించారు, హెచ్‌ఐవీ కూడా పోయింది. బహుశా మీ బావమరిది చూసింది ఆ కథే.

కౌన్సిలరమ్మ:
పదకొండేళ్లుగా ఇలాంటి జంటలతోనే మాట్లాడుతున్నాను తమ్ముడూ. ఒకరికి ఉండి ఒకరికి లేనివాళ్లు చాలామంది. కలిసిన ప్రతిసారీ అంటుకోదు, అదృష్టం కూడా ఉంటుంది. దాన్ని జన్యువు ఖాతాలో వేయకండి. ఒకవేళ డెల్టా 32 ఉన్నా, సీఎక్స్‌సీఆర్4 అనే ఇంకో రిసెప్టర్‌తో లోపలికి దూరే రకం వైరస్ ఉంది. ఇప్పుడు తనను కాపాడుతున్నవి మీరు వేసుకునే మాత్రలు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో ఆ లెక్క) పరీక్షలో దొరకనంత తక్కువగా ఉంటే కలయిక వల్ల సోకదు. మీది చివరిసారి ఎంత వచ్చింది?

లారీ_గుంటూరు:
కార్డులో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్', అంటే వైరస్ దొరకలేదని రాశారక్కా. మూడుసార్లు వరసగా.

కౌన్సిలరమ్మ:
మరింకేం! ఆ జన్యు పరీక్షకు డబ్బులు తగలేయకండి. మామూలు హెచ్‌ఐవీ పరీక్ష ఐసీటీసీలో (ప్రభుత్వ సలహా, పరీక్షా కేంద్రంలో) ఉచితం, తనను తీసుకురండి.

లారీ_గుంటూరు:
మంగళవారం మాత్రలకు వెళ్లేటప్పుడు తీసుకెళ్తా. తను సరేనంది. ఇదంతా స్క్రీన్‌షాట్ తీసి బావమరిదికి పంపా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు.