ఊట నీళ్లకి నెలకు 30 రూపాయలు అడిగితే గొడవ

ప్రశ్న: మాది మందస దగ్గర కొండకింద 42 ఇళ్ల ఊరు. ఊట నీరు పైపులో దానంతటదే ట్యాంకులోకి దిగుతుంది. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. అయినా వాల్వు పోయి పదిహేను రోజులైంది. ఇంటికి నెలకు 30 అడిగితే "గవర్నమెంటు నీళ్లకి డబ్బులేటి?" అంటున్నారు. లెక్కలు రాసేది నేను, టెన్షన్ నాకు. ఏం చెయ్యమంటారు?

మెళియాపుట్టి నుంచి: 2019లో జల్ జీవన్ మిషన్, అదే ఇంటింటికీ కుళాయి పథకం, వచ్చినప్పుడే ఊళ్లో నీళ్లు నడిపే పని పంచాయతీ, నీటి కమిటీలదే అన్నారు బాబూ. మేం నెలనెలా అడగడం మానేశాం. జీడిపిక్కలు అమ్మిన వారంలో ఏడాదిది ఒకేసారి వసూలు. లెక్క రామమందిరం గోడ మీద.

పలాస నుంచి: ముందు ఊట దగ్గర జాలీ చూడండి. ఇసుక ఆగకపోతే కొత్త వాల్వూ పోతుంది.

అడిగినవారు: చూశానండీ. జాలీ లేదు. ఎవరో కోళ్లగూటికి పట్టుకెళ్లారంట!