ఎనుమాముల దారిలోని భవనానికి మెర్వ్ 13 ఫిల్టరు అవసరమా?

సుబేదారి యజమాని:
వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారిలో మాకు మూడంతస్తుల అద్దె భవనం ఉంది. దాని ఏహెచ్‌యూలో, అంటే గాలిని వడగట్టి చల్లబరిచి నిమిషానికి 5,000 ఘనపుటడుగుల (సీఎఫ్‌ఎం) చొప్పున గదులకు పంపే యంత్రంలో, ఉన్న మెర్వ్ 8 ఫిల్టరు తీసి మెర్వ్ 13 వేయమని అద్దెదారులు పట్టుబడుతున్నారు. మెర్వ్ అంకె పెరిగేకొద్దీ ఫిల్టరు మరింత సన్నని దుమ్మును పడుతుందట. ఫిల్టరు రంధ్రాలు సన్నబడితే కరెంటు ఖర్చు పెరుగుతుంది. నిరుడు మిర్చి సీజనులో మూడు నెలలు ఫిల్టరు మార్చకపోయినా బిల్లు తగ్గిందే తప్ప పెరగలేదు. అంటే తరచుగా మార్చడమూ దండగే.

కాజీపేట టెక్నీషియన్:
బిల్లు తగ్గి ఉండవచ్చునండీ, కానీ దానితోపాటు గాలి కూడా తగ్గింది. మీ ఫ్యాను ఒకే వేగంతో తిరిగేదైతే, ఫిల్టరు మూసుకుపోయినకొద్దీ అది తోసే గాలీ, సాధారణంగా మోటారు లాగే కరెంటూ తగ్గుతాయి; వీఎఫ్‌డీ (ఫ్యాను వేగాన్ని మార్చే పరికరం) పెట్టి గాలిని నిలబెట్టే చోట మాత్రమే బిల్లు పెరుగుతుంది. అలా గాలి తగ్గకుండా నడుపుతారనీ, మెర్వ్ 13 వల్ల అదనంగా 60 పాస్కల్స్ (పీడనం కొలమానం) నిరోధం వస్తుందనీ, ఫ్యాను, మోటారు కలిపి సామర్థ్యం 50 శాతమనీ అనుకుందాం. రోజుకు 12 గంటల చొప్పున 300 రోజులు నడిపితే సుమారు 1,020 యూనిట్లు అవుతాయి. యూనిట్‌కు 10 రూపాయలు వేసుకుంటే ఏడాదికి పదివేల చిల్లర. లోతైన మడతల ఫిల్టరు వేస్తే ఆ నిరోధం ఇంకా తగ్గుతుంది.

పత్తిమిల్లు పాతకాపు:
ముందు ప్రీఫిల్టరు, అంటే అసలు ఫిల్టరుకు ముందు ఉండే ముతక ఫిల్టరు, వేయండి. పత్తి నూగు నేరుగా తగిలితే ఏ ఫిల్టరూ నిలవదు.

సుబేదారి యజమాని:
పదివేలు మీకు చిల్లరేమో. బిల్లు తగ్గిందా లేదా అన్నదే నా ప్రశ్న.

మూడో అంతస్తు అద్దెదారు:
తగ్గింది మీ బిల్లు మాత్రమే. ఫిబ్రవరిలో ప్యానెల్ విప్పించినప్పుడు ఫిల్టరు చట్రం పక్కన వేలు దూరేంత సందు కనిపించింది. వెనుక గాలిని చల్లబరిచే కాయిల్ మీద పత్తి నూగు, ఎర్రటి మిర్చి దుమ్ము కలిసి తడి కంబళిలా అంటుకుని ఉన్నాయి. చల్లదనం రాక మేము సొంత డబ్బుతో స్ప్లిట్ ఏసీ పెట్టించుకున్నాము. ఆ యూనిట్లు మా మీటరులో తిరిగాయి.

సుబేదారి యజమాని:
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. ఏహెచ్‌యూ కరెంటు అద్దెలోనే కలిపి రాసుకున్నాము, ఆ అద్దె 2019 నుంచి పెరగలేదు. గాలి మీరు పీలుస్తారు, మీటరు నాది.

కాజీపేట టెక్నీషియన్:
అద్దె సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. మెర్వ్ 8 కూడా 3 నుంచి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దుమ్ములో కనీసం 70 శాతం పట్టాలి. మెర్వ్ 13 అసలు విలువ 0.3 నుంచి 1 మైక్రాన్ దాకా ఉండే పొగలాంటి దాని దగ్గర, అక్కడ కనీసం 50 శాతం పడుతుంది. సందు మూయకుండా ఏది వేసినా వృథాయే కనుక ముందు గ్యాస్కెట్ (సందు మూసే పట్టీ) వేయండి. ఫిల్టరుకు ఇరువైపులా గొట్టాలు పెట్టి పీడనం తేడా చూపే రంగునీళ్ల మానోమీటరు తగిలించండి. మట్టాల తేడా 25 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 250 పాస్కల్స్, దాటకముందే మార్చండి. ఏహెచ్‌యూ కరెంటును విడిగా కొలిచే సబ్‌మీటరు కూడా పెట్టండి.

మూడో అంతస్తు అద్దెదారు:
సబ్‌మీటరు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?