డిజిటాక్ట్, మోనోలాగ్ పక్కకి ఏ పాలీ సింథ్?

సాపాసా:
ఇప్పుడున్న సెటప్: డ్రమ్స్‌కీ సీక్వెన్సింగ్‌కీ ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ (మొదటి వెర్షన్), బేస్‌కి కోర్గ్ మోనోలాగ్, నాలుగు లైన్ ఇన్‌పుట్‌లున్న ఆడియో ఇంటర్‌ఫేస్. ఇన్‌పుట్ 1, 2 డిజిటాక్ట్‌కి, 3 మోనోలాగ్‌కి పోయాయి. 4 ఖాళీ.

కార్డ్స్ (ఒకేసారి మోగే నోట్ల గుంపులు), ప్యాడ్స్ (మెల్లగా లేచి సాగే శబ్దాలు) మోగించే పాలీ సింథ్, అంటే ఒకేసారి చాలా నోట్లు మోగించేది, ఒక్కటీ లేదు. టెంపో 115-120 బీపీఎం (నిమిషానికి బీట్లు), బారుకి ఒక కార్డ్, ఎక్కువగా సెవెన్త్‌లు (నాలుగు నోట్లవి), అక్కడక్కడా నైన్త్‌లు (అయిదు నోట్లవి), రిలీజ్ (నోట్ వదిలాక శబ్దం తగ్గిపోయే సమయం) మూడు సెకన్ల దాకా. చూస్తున్నవి మినీలాగ్ ఎక్స్‌డీ, మినీఫ్రీక్, నోవేషన్ పీక్, ప్రాఫెట్ రెవ్2. డిజిటోన్ మీద కూడా మనసుంది. నోట్స్ అన్నీ డిజిటాక్ట్ నుంచే వెళ్తాయి కాబట్టి కీస్ లేకపోయినా ఫర్వాలేదు.

రెండు సందేహాలు. నాలుగు వాయిస్‌లు (ఒకేసారి మోగగల నోట్లు) చాలుతాయా? మోనోలాగ్‌తో కలవాలంటే ఇదీ అనలాగే అయ్యుండాలా?

రంపపు_అల:
చాలవు. మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేసి చూడండి. 120 బీపీఎంలో 4/4 బారు అంటే 2 సెకన్లు. నాలుగు నోట్ల కార్డ్‌ని బారంతా పట్టి వదిలారు, రిలీజ్ 3 సెకన్లు. రెండో కార్డ్ మోగినంతసేపూ మొదటిదాని తోక ఉంటుంది, మూడో కార్డ్ పడ్డాక ఇంకో సెకను కూడా ఉంటుంది. మూడో కార్డ్ పడే క్షణంలో కావాల్సినవి 4+4+4, అంటే 12 వాయిస్‌లు.

అయితే 12 ఉండి తీరాలని కాదు. 8 ఉంటే తెగేది రెండు సెకన్ల కిందట వదిలేసిన కార్డ్, అప్పటికే సన్నబడిపోయి ఉంటుంది, ఎవరికీ తెలీదు. 6 ఉంటే కిందటి కార్డ్‌లో రెండు నోట్లు పోతాయి, రెండు మిగులుతాయి. 4 ఉంటే ప్రతి బారు మొదట్లో పాత కార్డ్ మొత్తం కత్తెర వేసినట్టు పోతుంది. దీంట్లో ఒక మోసం ఉంది: కిక్ డ్రమ్ కూడా సరిగ్గా అక్కడే పడుతుంది కాబట్టి లూప్ నడుస్తున్నప్పుడు ఆ తెగడం వినపడదు. బ్రేక్‌డౌన్‌లో కిక్ తీసేయగానే బయటపడుతుంది.

స్పెక్ షీట్‌లో రాసిన వాయిస్‌ల సంఖ్యని నమ్మే ముందు యూనిసన్ (ఒక్క నోట్‌కే ఎక్కువ వాయిస్‌లు వాడడం), లేయర్ (రెండు శబ్దాలు కలిపి మోగించడం) చూసుకోండి. 8 వాయిస్‌ల సింథ్‌లో నోట్‌కి రెండు వాయిస్‌ల యూనిసన్ పెడితే మిగిలేది 4. రెవ్2 కూడా 8, 16 వాయిస్‌ల రకాల్లో ఉంది; 8 దాంట్లో రెండు లేయర్లు ఒకదాని మీద ఒకటి పెట్టారంటే 4 నోట్లకే పరిమితం.

ఏదీ కొనకముందు ఒక పరీక్ష చేయండి. కంప్యూటర్‌లో సర్జ్ ఎక్స్‌టీ గానీ వైటల్ గానీ (సాఫ్ట్‌వేర్ సింథ్‌లు) తెరిచి మామూలు ప్యాడ్ ఒకటి పెట్టండి, రివర్బ్ తీసేయండి. డిజిటాక్ట్ నుంచి యూఎస్‌బీ మిడీతో (మిడీ అంటే నోట్ల ఆదేశాలు పంపే పద్ధతి) మీ సొంత ప్యాటర్నే పంపిస్తూ వాయిస్ లిమిట్ 4, 6, 8, 16కి మార్చి, డ్రమ్స్ లేకుండా వినండి. తేడా ఎక్కడ వినపడడం మానేస్తుందో అదే మీకు కావాల్సిన సంఖ్య.

మూడోకేబుల్:
వాయిస్‌ల కన్నా ముందు తేలాల్సింది ఇన్‌పుట్‌ల గొడవ. మీరు రాసిన నాలుగూ, డిజిటోన్ కూడా, స్టీరియో ఔట్‌వే. మీకు మిగిలింది ఒక్క ఇన్‌పుట్. ఎడమ జాక్ నుంచి మోనోగా తీసుకోవచ్చు గానీ, ప్యాడ్‌కి వెడల్పు ఇచ్చేదే కోరస్ ఎఫెక్ట్. రెండు పక్కలా కలిపేస్తే అది కొంత రద్దయి, శబ్దం డొల్లగా, నీళ్ల కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది.

దీనికోసం కొత్త ఇంటర్‌ఫేస్ అక్కర్లేదు. మోనోలాగ్ ఎలాగూ మోనోనే. దాన్ని డిజిటాక్ట్ ఎడమ ఇన్‌పుట్‌కి పెట్టండి, ఎక్స్‌టర్నల్ మిక్సర్ పేజీలో లెవెల్ ఎత్తండి, పాన్ ఒక పక్కకి ఉంటే మధ్యకి తీసుకురండి. బేస్ డ్రమ్స్‌తో కలిసి 1, 2లోంచి వస్తుంది, పాలీకి 3, 4 మిగులుతాయి. నష్టం ఏమిటంటే బేస్‌ని విడిగా రికార్డ్ చేసుకోలేరు. కంప్యూటర్‌లో మిక్స్ చేసే అలవాటుంటే బేస్‌ని ముందే ఒంటరిగా ఒక టేక్ తీసి పెట్టుకోండి.

ఇక మిడీ. డిజిటాక్ట్ మిడీ ట్రాక్‌లో ఒక ట్రిగ్‌కి (సీక్వెన్స్‌లో ఒక మెట్టుకి) నాలుగు నోట్లే. నైన్త్ కావాలంటే అయిదో నోట్‌ని ఇంకో మిడీ ట్రాక్‌లో, అదే ఛానెల్ మీద పెట్టాలి. ఆ రెండు ట్రాక్‌లలోనూ ఒకే నోట్ ఉంటే మాత్రం చిక్కే: ముందు ముగిసిన ట్రాక్ పంపే నోట్-ఆఫ్ రెండోదాన్నీ ఆపేస్తుంది. "నోట్ మధ్యలో ఆగిపోతోంది, సింథ్ పాడైందా" అని అడిగేవాళ్లలో చాలామందిది ఇదే సమస్య.

అసలు అయిదో నోట్ ఎందుకు? రూట్‌ని (కార్డ్ మూల నోట్‌ని) మోనోలాగ్ వాయిస్తోంది కదా. డి మైనర్ నైన్త్ అంటే డి, ఎఫ్, ఎ, సి, ఇ. డి బేస్‌కి వదిలేసి పాలీకి ఎఫ్, ఎ, సి, ఇ ఇవ్వండి. ఒక ట్రిగ్‌లో పట్టేస్తుంది, వాయిస్ ఒకటి మిగులుతుంది, కింద బురద కూడా తగ్గుతుంది.

వైరింగ్: మోనోలాగ్‌కి మిడీ ఇన్, ఔట్ మాత్రమే ఉన్నాయి, థ్రూ (ఇన్‌కి వచ్చిందాన్ని అలాగే ముందుకి పంపేది) లేదు. కాబట్టి అది గొలుసులో చివర ఉండాలి. డిజిటాక్ట్ ఔట్ నుంచి పాలీ ఇన్‌కి, పాలీ థ్రూ నుంచి మోనోలాగ్ ఇన్‌కి. ఎక్స్‌డీకి కూడా థ్రూ లేదు, అది తీసుకుంటే చిన్న మిడీ థ్రూ బాక్స్ తప్పదు. డిజిటాక్ట్ మీదున్న థ్రూ పనికిరాదు, అది తన ఇన్‌కి వచ్చిందే బయటికి పంపుతుంది, తన సీక్వెన్స్‌ని కాదు. వై కేబుల్‌తో చీల్చొద్దు: మిడీ కరెంట్ లూప్ మీద నడుస్తుంది, రెండు పరికరాలు పంచుకుంటే నోట్లు తప్పిపోతాయి.

సాపాసా:
రూట్ తీసేయడం తట్టనే లేదు, ఇప్పుడే నాలుగు కార్డ్‌లు మార్చి చూశాను, చాలా శుభ్రంగా ఉంది. ఇన్‌పుట్‌ల సంగతీ తేలింది. అనలాగా డిజిటలా అన్నదొక్కటే మిగిలింది.

పాతసర్క్యూట్:
అనలాగ్ అవ్వాల్సిన పని లేదు. మీ విషయంలో కాకపోతేనే మేలని నా అభిప్రాయం. మోనోలాగ్‌లో రెండు వీసీఓలు (అనలాగ్ ఆసిలేటర్లు, అంటే శబ్దం పుట్టించేవి), 2-పోల్ లోపాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలు తగ్గించేది), డ్రైవ్. ఎక్స్‌డీ కూడా అదే వంశం: రెండు వీసీఓలు, 2-పోల్ ఫిల్టర్. ఒకే రంగు మీద అదే రంగు పూసినట్టు బేసూ కార్డూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఎక్స్‌డీలో వేరుగా వినిపించేది మూడో ఆసిలేటర్, డిజిటల్ మల్టీ ఇంజన్. పైగా నాలుగు వాయిస్‌లే, పైన లెక్క వేశారు కదా.

మీ పనికి పీక్ బాగా అతుకుతుంది. 8 వాయిస్‌లు, వాయిస్‌కి మూడు డిజిటల్ ఆసిలేటర్లు, వాటి మధ్య ఎఫ్ఎం (ఒక ఆసిలేటర్‌తో ఇంకోదాని ఫ్రీక్వెన్సీ మార్చడం), వేవ్‌టేబుల్స్ (దాచిపెట్టిన తరంగ రూపాలు), ఆ తర్వాత అనలాగ్ ఫిల్టర్. గాజులాంటి పదునూ వస్తుంది, మెత్తగానూ చేసుకోవచ్చు. కీస్ లేని టేబుల్ మోడల్. ఒక్కసారికి ఒక్క ప్యాచే (ఒక్క శబ్దపు సెట్టింగే) మోగుతుందన్నది గుర్తుంచుకోండి.

మినీఫ్రీక్‌లో 6 వాయిస్‌లు, డిజిటల్ ఆసిలేటర్లు, అనలాగ్ ఫిల్టర్. 12 అని కనిపించేది పారాఫోనిక్ మోడ్. అందులో వాయిస్‌లు జంటలుగా ఫిల్టర్‌ని పంచుకుంటాయి. మెల్లగా లేచే ప్యాడ్‌కి ఇబ్బంది లేదు. ప్రతి నోట్‌కీ ఫిల్టర్ ఎన్వలప్ (కాలంతో ఫిల్టర్‌ని తెరిచి మూసేది) గట్టిగా కొట్టే ప్లక్ (తీగ మీటినట్టుండే శబ్దం) అయితే కొత్త నోట్ పాత నోట్ ఫిల్టర్‌నీ లాగుతుంది, వెంటనే తెలుస్తుంది.

డిజిటోన్ (2018 నాటిది) 8 వాయిస్‌లు, నాలుగు ఆపరేటర్ల ఎఫ్ఎం. బెల్స్, ఎలక్ట్రిక్ పియానో తరహా కార్డ్స్‌కి దాన్ని మించింది ఈ పట్టికలో లేదు. కానీ ఆ 8 వాయిస్‌లూ నాలుగు సింథ్ ట్రాక్‌లకి ఉమ్మడి. ఒక ట్రాక్‌లో ప్యాడ్, ఇంకో ట్రాక్‌లో ఆర్పెజియో (కార్డ్ నోట్లు ఒక్కొక్కటిగా) పెడితే ఆర్పెజియో ప్యాడ్‌ని కొరుక్కు తింటుంది. రెవ్2 మంచిదే, డీసీఓ (డిజిటల్‌గా నియంత్రించే అనలాగ్ ఆసిలేటర్) కాబట్టి ట్యూనింగ్ జారదు, రెండో లేయర్‌కి వేరే ఔట్‌పుట్ జత కూడా ఉంది. అంటే మళ్లీ మీకు లేని ఇన్‌పుట్‌లు.

ఏది తెచ్చినా ఫ్యాక్టరీ ప్రీసెట్ విని నిర్ణయించొద్దు. షాపులో ఒంటరిగా మెప్పించడానికి చేసినవి అవి. ముందు యూనిసన్ ఆపండి, రివర్బ్ తీసేయండి, సబ్ ఆక్టేవ్ తగ్గించండి, అటాక్ (శబ్దం లేచే సమయం) 20-40 మిల్లీసెకన్లకి జరపండి, మిక్స్‌లో 200 హెర్ట్జ్ దగ్గర లోకట్ (కింది ఫ్రీక్వెన్సీలు తగ్గించేది) పెట్టండి. ఒంటరిగా వింటే పీలగా అనిపిస్తుంది, మోనోలాగ్ కింద చేరాక సరిపోతుంది.

రంపపు_అల:
పీక్‌కే నా ఓటు కూడా. డిజిటోన్ మీద మనసు పీకుతుంటే మాత్రం ఆర్పెజియోలు మానేసి ప్యాడ్స్‌కే వాడుకోండి, అప్పుడు ఎనిమిదీ మీవే.

మూడోకేబుల్:
కీస్ ఉన్నది తీసుకుంటే ఇంకొకటి. కంప్యూటర్‌లోకి కలిపి వాయించేటప్పుడు లోకల్ కంట్రోల్ ఆఫ్ చేయండి. లేకపోతే కీ ఒకసారి నేరుగా, ఇంకోసారి కంప్యూటర్ తిప్పి పంపిన మిడీతో మోగుతుంది. గుర్తుపట్టడం తేలిక: శబ్దం ఫ్లాంజర్ వేసినట్టు ఉంటుంది, 8 వాయిస్‌ల సింథ్ నాలుగో నోట్ దగ్గరే చేతులెత్తేస్తుంది. డిజిటాక్ట్‌లో ప్రోగ్రామ్ ఛేంజ్ పంపడం కూడా ఆపేయండి, ప్యాటర్న్ మార్చినప్పుడల్లా సింథ్ ప్యాచ్ మారిపోకుండా.

యూఎస్‌బీ తగిలించగానే సన్నటి కీచు వస్తే అది గ్రౌండ్ లూప్. యూఎస్‌బీ పీకేసి డిన్ మిడీ కేబుల్‌తో (గుండ్రటి 5 పిన్నులది) నడపండి, అందులో ఆప్టో ఐసొలేషన్ (విద్యుత్ కలవకుండా కాంతితో సిగ్నల్ పంపడం) ఉంటుంది.

పాతసర్క్యూట్:
సెకండ్ హ్యాండ్ చూస్తుంటే ఆన్ చేసి 15-20 నిమిషాలు వేడెక్కనివ్వండి, ట్యూన్ రొటీన్ ఉంటే నడపండి. ఒక్క ఆసిలేటర్, ఫిల్టర్ కటాఫ్ సగం, రెసొనెన్స్ కాస్త ఎక్కువ, యూనిసన్ లేదు, ఎఫెక్ట్స్ లేవు. పక్కపక్క నోట్లు ఒకదాని తర్వాత ఒకటి నింపాదిగా కొట్టండి, వాయిస్‌ల సంఖ్యకి రెండింతలు. ఒకే నోట్ కొడితే కొన్ని సింథ్‌లు ఆ వాయిస్‌నే మళ్లీ వాడతాయి, మిగతావి పరీక్షకి రావు. 8 వాయిస్‌ల దాంట్లో ప్రతి ఎనిమిదో నోట్ మందంగానో మొద్దుగానో వినిపిస్తే ఆ ఒక్క వాయిస్ ఫిల్టర్‌లో తేడా ఉన్నట్టే.